కావలివాడి ఈటె

వేడినీళ్ళలో ముంచిన ప్లాస్టిక్‌కు ఒక వాసన ఉంటుంది, రబ్బరు చెప్పు ఎండకు కాగినట్టు. మొన్న ఆదివారం మా అమ్మాయి, వంకరపోయిన బొమ్మ కత్తిని సరిచేయడానికి టీ గిన్నెలో నీళ్ళు కాచి ముంచింది. అది నా టీ గిన్నె. కేకలేద్దామని వంటింట్లోకి వెళ్ళినదాన్ని, ఆ వాసన తగలగానే కోపం మాట మరిచి పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. వనజక్క గుర్తొచ్చింది. వంకరపోయిన బొమ్మల్ని ఆమె ఇలాగే వేడినీళ్ళలో ముంచి సరిచేసేది.

వనజక్క నా మొదటి బాస్. సొంతూరు బైరకూరు, పట్టుపురుగులు పెంచే ఇల్లు. బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేటలో ఒక మేడ మీద ఆమె వర్క్‌షాపు నడిపేది. గళ్ళ పటం పరిచి, బొటనవేలంత సైనికుల బొమ్మలతో ఆడే ఆట ఒకటుంది. ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా కొని కూడబెట్టుకుంటారు. ఆ పిచ్చి పిల్లలకంటే పెద్దవాళ్ళకే ఎక్కువ. ఆట ఒక బెంగళూరు కంపెనీది, బొమ్మల రూపాలు తయారుచేసే పని మాది.

చేరిన కొత్తలో కంప్యూటర్ తెర మీద ఒక రాణిని చేశాను, కనురెప్పల వెంట్రుకలతో సహా. అక్క దాన్ని అసలు సైజులో త్రీడీ ప్రింటు బొమ్మగా తీయించి, బల్ల అవతలి కొసన నిలబెట్టింది. "ఏమ్మే, ఈయమ్మ యాడికి చూస్తా ఉండాది?" అని అడిగింది. కళ్ళు చిట్లించినా నాకు ముఖమే ఆనలేదు. "నువ్వు తెర మింద పెద్దది చేసుకోని చూస్తివి. ఆడేవాళ్ళు ఈడ కూర్చోని చూస్తారు. ముక్కు ఇంగా లావు చెయ్యి, చేతులు పెద్దవి చెయ్యి" అంది. రాణికి లావు ముక్కేమిటని ఆ రోజంతా మూతి ముడుచుకుని పనిచేశాను. మర్నాడు ఆ లావుముక్కు రాణి బల్ల అవతలి నుంచి నన్ను దర్జాగా చూసింది. నిజం చెప్పొద్దూ, ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు బొమ్మలన్నిటినీ మార్చాలన్నారు. కొత్తవాళ్ళు పొడుగ్గా ఉండాలి, ఒక్కొక్కరూ మీదికి దూకబోతున్నట్టు కనబడాలి. నా వంతుకు కావలివాడు వచ్చాడు. ఆటలో వాడి పనల్లా పక్క గడిలో ఉన్నవాళ్ళను కాపాడడం. కంపెనీ పంపిన చిత్రం ప్రకారం వాడికి కాళ్ళు బార్లా చాపించి, ఈటె ముందుకు పొడుస్తున్నట్టు పెట్టాను. తెర మీద చూసినవాళ్ళంతా ఆహా అన్నారు. అక్క కూడా బాగుండాదనే అంది.

అయితే అచ్చుకు పంపేముందు అక్కకు ఒక పద్ధతి ఉండేది. ఆడేవాళ్ళను పిలిచి, కొత్త బొమ్మను వాళ్ళ పాత బొమ్మల్లో కలిపి, ఒక ఆట మొదలుకొని చివరిదాకా ఆడించేది. ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చు ఒకసారి కోశాక ఇక మార్చలేం మరి. ఆ శనివారం సుగటూరు నుంచి రెడ్డి మేష్ట్రు వచ్చారు. చాక్‌పీసు డబ్బాల్లో దూది పరిచి బొమ్మల్ని తెచ్చుకునేవారు. బడి వదిలాక ఊళ్ళో పిల్లలకు వాటితోనే ఆట నేర్పేవారు. తన పాత రాణి పక్క గడిలో నా కావలివాణ్ణి పెట్టబోయారు. ఈటె వెళ్ళి రాణి పొట్టకు గుచ్చుకుంది. తిప్పి పెడితే వాడి కాలు వెనకవాణ్ణి పడదోసింది. కాపాడాల్సినవాడు ఎవరి పక్కనా నిలబడలేకపోయాడు. పైగా వాడి ముందు రాణి పలక పట్టుకుని బడికెళ్ళే పిల్లలా ఉంది.

మేష్ట్రు నవ్వలేదు. "అయితే మా పాతవంతా ఇంగ పనికి రావామ్మా? పిల్లోళ్ళకు ఏమని చెప్పేది?" అన్నారు.

అక్క అక్కడికక్కడే కంపెనీకి ఫోన్ చేసింది. "మా కంటికి ఆనలేదు సార్. అచ్చు ఆపండి" అని అడిగింది. సోమవారానికి వేరే రూపం చూపిస్తే సరి, లేకపోతే ఉన్నదే కోసేస్తామన్నారు వాళ్ళు. నాకు చిర్రెత్తింది. "వాళ్ళు గీసి పంపిందే కదక్కా మనం చేసింది, మనకెందుకు?" అన్నాను.

"మనకెందుకా? డబ్బాలు ఎత్తుకోని బస్సెక్కి ఆయప్ప వచ్చేది మన కాడికి" అంది అక్క.

ఆదివారం పొద్దున నన్ను స్కూటర్ ఎక్కించుకుని మూతబడిన గని గేటు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ కాపలా ఉండే పెద్దాయన కర్రను గుండెకు హత్తుకుని, మోకాళ్ళు సడలించి, గోడకు వీపు ఆనించి ఉన్నాడు. ఇద్దరాడవాళ్ళు తననే చూస్తుంటే కంగారుపడి నిటారుగా నిలబడ్డాడు. "ఎవరు కావాల్నమ్మా?" అన్నాడు.

"నువ్వేనప్పా. ముందర ఎట్ల ఉంటివో అట్లే ఉండు" అంది అక్క. నా వైపు తిరిగి, "చూసినావా? పొద్దంతా నిలబడేవాడు ఈటెను అట్ల ముందరికి చాపుకోని ఉంటాడామ్మే? చెయ్యి పడిపోదా?" అంది. పాపం ఆయన మళ్ళీ సడలడానికి చాలాసేపు బతిమాలాల్సి వచ్చింది. నేను స్కూటర్ చాటుకు వెళ్ళి నవ్వుకున్నాను.

ఇంటికి కూడా వెళ్ళకుండా పనికి కూర్చున్నాను. ఈటె గుండెకు హత్తుకునేసరికి గడి దాటలేదు. మోకాళ్ళు వంచేసరికి పొడుగువాడు కాస్తా పాతవాళ్ళ ఎత్తుకు దిగివచ్చాడు. చూస్తే కోపిష్ఠివాడిలా లేడు గానీ, నమ్మదగినవాడిలా ఉన్నాడు. ఆ రూపాన్ని కంపెనీకి పంపి, సోమవారం ఫోన్ మోగేదాకా గోళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. అక్క విని, "సరే సార్" అని పెట్టేసి కుర్చీలో కూలబడింది. "ఒప్పుకున్నారు. కొత్తోళ్ళందరికీ కొలతలంతా పాతవేనంట" అంది. అమ్మయ్య అనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది. మేష్ట్రుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. "సల్లగుండు తల్లీ" అన్నారాయన.

అక్క ఇప్పుడు బైరకూరులో మామిడితోట చూసుకుంటోంది. ఆమె కుర్చీలో నేనున్నాను. కంపెనీ ఏటా ఏదో ఒకటి మారుస్తూనే ఉంటుంది, మార్చవద్దని నేనూ అనను. కొత్త రూపం చేసి తెచ్చిన పిల్లలు బాగుందా మేడమ్ అని నా ముఖంలోకి చూస్తారు. ఇది ఎవరి పక్కన నిలబడాలి అని అడుగుతాను. ఆ జవాబు వచ్చేదాకా అచ్చు కోయనివ్వను.