అమ్మ వదిలిన జానెడు అల్లిక కోసం శ్రీకాకుళం

అమ్మ పోయిన ఏడాదికి ఆమె పెట్టె తెరిస్తే, చర్చిలో ప్రభువు బల్ల మీద పరచడానికి అల్లుతున్న క్రోషియా గుడ్డ బయటపడింది. ఇంకో జానెడు అల్లితే అయిపోతుంది. కొత్త మందిరం ప్రతిష్ఠకి ఆ గుడ్డ ఇస్తానని స్త్రీల సమాజంలో నిలబడి మాటిచ్చిన మనిషి మా అమ్మ. ఆ మాట దక్కించాలంటే అదే దారం కావాలి. శ్రీకాకుళంలో నా చిన్నప్పటి ఊలు దారాల కొట్టులో తప్ప అది దొరకదని నా నమ్మకం. 2015 చలికాలంలో ఒక శనివారం, గుడ్డ సంచిలో పెట్టుకుని విజయనగరంలో ఏడింటికి ప్యాసింజరెక్కాను.

టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉండేది ఆమదాలవలసలో. ఊళ్లోకి వెళ్లాలంటే బయట షేర్ ఆటో ఎక్కాలి, మనిషికి ఇరవై. "ఏటమ్మా, సిక్కోల్లో ఎక్కడికి?" అన్నాడు డ్రైవరు. చెప్పాను. "ఆ కొట్టా? ఉన్నాది గానీ పేరుకే ఉన్నాదమ్మా," అన్నాడు. నీకేం తెలుసులే అనుకున్నాను.

నా చిన్నప్పుడు ఆ కొట్టు ముందు పొడుగాటి బెంచీ ఉండేది. దారం కొన్నవాళ్లని కొట్టు మామ్మ ఊరికే పంపేది కాదు. బెంచీ మీద కూర్చోబెట్టి ఒక వరుస తన ఎదుట అల్లించేది. తప్పితే "ఇదేటే, పిట్టగూడా?" అని విప్పించి, కుదిరాకే లేవనిచ్చేది. అమ్మా నేనూ ఆ బెంచీ మీద ఎన్ని పూటలు గడిపామో! ఎంత బాగుండేవో!

తొమ్మిదిన్నరకి అక్కడ దిగేసరికి ప్రాణం ఉసూరుమంది. బెంచీ లేదు. కొట్టు నిండా ప్లాస్టిక్ పూలదండలు, చీర అంచుల లేసులు. ఊలు ఒకే ఒక్క అరలో దుమ్ము కొట్టుకుని ఉంది. గల్లాపెట్టె దగ్గర మామ్మ కోడలు కూర్చుంది. "మా అత్త పోనాది అక్కా. ఇప్పుడు అల్లినోల్లు ఎవులున్నారు?" అంది. అయినా పాపం, స్టూలెక్కి అటక మీంచి అట్టపెట్టె దించింది. అందులో రెండు ఉండలు! అదే సన్నం, అదే మెలి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆత్రంగా గుడ్డ తీసి పక్కన పెట్టాను. కలవలేదు. ఉండలు మీగడ రంగు, గుడ్డేమో నీలిఛాయతో తెల్లగా ఉంది.

"ఇది నీలం పెట్టీసినావేటక్కా?" అంది కోడలు.

పెట్టాను. పెట్టెలో ఉండి పచ్చబడిందనుకున్నాను. చర్చికిచ్చేది కదా, మల్లెపూవులా ఉండాలని ముందురోజే బ్లీచింగులో నానబెట్టి, ఉతికి, నీలంలో ముంచాను. అది మాపు కాదు, అమ్మ ఏరి కొన్న రంగు. నా తెలివి మండిపోనూ!

"మళ్లీ ఆ రంగు రాదా?"

"ఎలా వస్తాదక్కా? తెల్ల దారం ఉన్నాది, పట్టుకెల్లు. అతుకు తెల్దు."

తెల్ల దారం పక్కన పెట్టి చూశాను. నిజంగానే అచ్చంగా కలిసిపోయింది. కానీ అది అమ్మ ఏరిన రంగు కాదు. చివరికి మీగడ రంగు ఉండలే, రెండూ కలిపి ఎనభైకి కొనుక్కుని, ఆర్టీసీ కాంప్లెక్సులో విజయనగరం బస్సెక్కాను.

ఆ కొట్టు మీద నాకిప్పుడు కోపం లేదు, నా మీదే ఉంది. గుడ్డ పూర్తిచేసి ఇచ్చాను. బల్ల మీద అతుకు దూరానికే కనబడుతుంది. అందులో అమ్మ అల్లినదంతా నేను మార్చేసిన రంగు, నేనల్లిన జానెడే అమ్మ రంగు. మీరూ ఇలాగే పాత అల్లికకి జత దారం వెతుక్కుంటూ వెళ్తుంటే, ఎంత మాసినట్టున్నా సరే, ఉతక్కుండా పట్టుకెళ్లండి.