మా టీముకి జనరల్ మేనేజర్ని ఎన్నుకున్న ఏడు

ఎనభైల మొదట్లో, ఉత్తరాదిన ఉక్కు కార్ఖానా ఉన్న ఊళ్లో, బర్మామైన్స్ అనే పేటలో మాకొక ఫుట్‌బాల్ టీము ఉండేది. సగం మందిమి రైల్వేలో పనిచేసే తెలుగువాళ్లం. మిగతా సగం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఠేకేదార్ల కింద, అంటే లేబర్ కాంట్రాక్టర్ల కింద, కూలికి వెళ్లేవాళ్లు. నేను లోకోషెడ్డులో ఫిట్టర్ని. టీముకి కెప్టెన్ని, రైట్ బ్యాక్ ఆడేవాణ్ణి. అప్పటికి నాకు ముప్ఫై నిండబోతున్నాయి. మోకాలు రోజూ ఉదయం పట్టేసేది. మహా అయితే ఇంకో రెండు సీజన్లు ఆడగలనని తెలుసు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఏడు నేను చేసిన పనికి వేరే కారణాలు వెతుక్కోవడం ఇష్టం లేదు. మానేసేలోగా ఒక్కసారైనా గెలవాలనుకున్నాను. అంతే.

టీము పుట్టిన దగ్గర్నుంచీ మాకు మేనేజరూ కోచూ ఒక్కరే. రిటైరైన రైలు గార్డు ఒకాయన. ఆ మే నెలలో ఒక సాయంత్రం ప్రాక్టీసు మధ్యలో ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని ఊదబోయారు. శబ్దం రాలేదు. ఊదలేదు కదా అని మేం ఆట ఆపలేదు. కాసేపటికి మా గోల్‌కీపరు "గార్డుగారు కూసుండిపోనారేటి?" అని అరిస్తే అందరం తిరిగి చూశాం. ఆయన నేలమీద కూర్చుని ఉన్నారు. నోరు ఒక పక్కకి వంగిపోయింది. కళ్లు మాత్రం మమ్మల్నే చూస్తున్నాయి. అంతసేపూ అలాగే చూస్తున్నారని నాకు అప్పుడర్థమైంది.

పక్షవాతం. మంచం దిగరన్నారు డాక్టర్లు. వానలు పడితే లీగు మొదలవుతుంది. కొత్త మనిషిని వెతకడానికి అయిదుగురం కమిటీగా కూర్చున్నాం: తెలుగు బడి మాస్టారు, కిరాణా షాపాయన, బుకింగ్ క్లర్కు ఒకాయన, మా గోల్‌కీపరు, నేను.

ముందుగా అందరి నోటా వచ్చిన పేరు మా బావది. నా భార్యకి అన్న. యార్డులో షంటరు. వయసులో ఉండగా రైల్వే టీముకి హాఫ్ బ్యాక్ ఆడాడు. రెండు వ్యాగన్ల బఫర్ల మధ్య ఎడమ చేతి వేళ్లు రెండు పోయాక మైదానంలోకి దిగడం మానేశాడు గానీ, గట్టుమీద నిలబడి మా ఆట చూసి, ఎవడు ఎక్కడ తప్పు నిలబడ్డాడో ఇంటికి వెళ్లేటప్పుడు ఒక్క ముక్కలో చెప్పేవాడు. అది ఎప్పుడూ నిజమే అయ్యేది.

రెండోవాడు ఠేకేదారు. బిర్సానగర్‌లో ఇల్లు. మావైపువాడే, టెక్కలి దగ్గర ఊరు. కార్ఖానాలకి కూలీలని పంపేవాడు. మాకు మేనేజరు కావాలని ఎవరు చెప్పారో తెలీదు, మేం పిలవకుండానే వచ్చాడు.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ వరండాలో ఆదివారం ఇద్దరినీ విన్నాం. ముందు బావ. నిలబడే మాట్లాడాడు.

"నాకు సందాలు తేడం రాదు. అది మీరే సూసుకోవాల. తెల్లారి అయిదింటికి అందరూ రావాల. దెబ్బ తగిలినోడిని ఆడించను, ఎవులు సెప్పినా ఆడించను. ఈ ఏడు ఓడిపోతాం. పై ఏడు సూద్దాం."

ఓడిపోతాం అన్న మాట దగ్గర షాపాయన నావైపు చూశాడు.

తర్వాత జీపు వచ్చింది. ఠేకేదారు తెల్ల బుష్‌షర్టు వేసుకుని, ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డ్రైవరు రెండు కొత్త బంతులు, ఒక బస్తా బూట్లు దింపి మా కాళ్ల ముందు పెట్టాడు.

"నన్ను మేనేజరు అనకండి. జనరల్ మేనేజర్ అని బోర్డు మీద రాయించండి," అన్నాడు నవ్వుతూ. "కోచ్‌ని నేను తెత్తాను. గెలిపించే బాధ్యత నాది. మీ ఆటగాళ్లు నాను పిలిసిన సోటికి రావాల. పిలిసినప్పుడు రావాల. ఎందుకూ ఏటీ అని అడక్కూడదు. బస్, ఇంతే."

మ్యాచ్‌ల గురించే అంటున్నాడనుకున్నాం. మాస్టారొక్కరే, "పిలిచిన చోటు అంటే?" అని అడిగారు. ఠేకేదారు ఆయన వంక చాలాసేపు చూసి, "టీము ఎక్కడికెల్తాది మాస్టారూ? మైదానానికే గదా," అన్నాడు.

నేను బంతులు లోపల పెట్టించడానికి లేచి జీపు వెనక నుంచి నడిచాను. టార్పాలిన్ ఒక మూల ఎగిరి ఉంది. దాని కింద హాకీ స్టిక్కులు, పదో పన్నెండో. వంపుల దగ్గర ఇనుప తీగ చుట్టి ఉంది.

చూశాను. చూడనట్టు వెళ్లిపోయాను.

ఓటు మర్నాటికి పెట్టుకున్నాం. ఆ సాయంత్రం బావ మా క్వార్టరుకి వచ్చాడు. తనకి వేయమని అడగడానికి వచ్చాడేమో అనుకున్నాను. టీ తాగుతూ, "ఆడి జీపులో ఏటున్నాదో సూసినావా బావా?" అన్నాడు.

"సూసినాను."

"మనది ఫుట్‌బాల్ టీము."

"ఆయనకి హాకీ టీము కూడా ఉన్నాదేమో," అన్నాను.

ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. బావ గ్లాసు కింద పెట్టి, చెల్లెలికి చెప్పి వెళ్లిపోయాడు. నా భార్య ఆ గ్లాసు తీయకుండా గుమ్మంలో నిలబడి నన్నే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు మాస్టారూ గోల్‌కీపరూ బావకి చెయ్యెత్తారు. షాపాయనా క్లర్కూ ఠేకేదారుకి ఎత్తారు. నేను కూడా ఠేకేదారుకే ఎత్తాను.

వారానికల్లా కోచ్ దిగాడు. గోవింద్‌పూర్ నుంచి వచ్చేవాడు. మెడ లేని మనిషి, హిందీ తప్ప మాట్లాడడు. మొదటి పది రోజులు బంతి బయటికే తీయలేదు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, పక్కవాడి మోచేతిలో మోచెయ్యి మెలివేయించి, "దీవార్!" అని అరిచేవాడు. గోడలా కదలకుండా నిలబడాలి. ఎదురుగా నలుగురు పరుగెత్తుకొచ్చి గుద్దుకునేవాళ్లు. చెయ్యి వదిలినవాడు మైదానం చుట్టూ ఇరవైసార్లు తిరగాలి. ఫ్రీకిక్ వస్తే అడ్డం నిలబడ్డానికి కాబోలు అనుకున్నాం. అంత పొడవు గోడ ఏ ఫ్రీకిక్కుకి కావాలో మాలో ఎవరూ అడగలేదు.

మా ఎడమ వింగు కుర్రాడు బంతి కాలికి అంటించుకున్నట్టు పరిగెత్తేవాడు. సన్నగా ఉన్నాడని వాణ్ణి తీసేశాడు. వాడి బదులు ఇద్దరు బరువైన మనుషులొచ్చారు. బంతిని తన్నడం కూడా రాదు వాళ్లకి. ప్రాక్టీసుకి వచ్చి ఒక పక్క కూర్చుని మా మొహాలు ఒక్కొక్కటీ చూస్తుండేవాళ్లు.

అయినా గెలిచాం. వరసగా మూడు మ్యాచ్‌లు. మొదటిదాంట్లో అవతలి హాఫ్ బ్యాక్ దవడ పగిలింది. రెండోదాంట్లో ఇద్దరిని మోసుకెళ్లారు. మూడోదాంట్లో అవతలివాళ్లు మా దగ్గరికి రావడమే మానేశారు. గోల్ వేసినప్పుడు మా కాలనీవాళ్లు ఇదివరకటిలా మైదానంలోకి ఉరికి రాలేదు. చప్పట్లు కొట్టి, గొడుగులు ముడుచుకుని, తొందరగా ఇళ్లకి వెళ్లిపోయారు. నా భార్య రానే లేదు. నేను మాత్రం సంతోషంగానే ఉన్నాను. అబద్ధం చెప్పను.

మాకొక సెంటర్ ఫార్వర్డ్ ఉండేవాడు. ఇరవై రెండేళ్లు. తండ్రీ కొడుకూ ఇద్దరూ ఆ ఠేకేదారు కింద కూలీలే, వేరువేరు చోట్ల. పర్మినెంటు చేయిస్తానని ఠేకేదారు చెప్పాడని, వాడొక్కడే ఆ కసరత్తుని ఇష్టంగా చేసేవాడు. గోడ కట్టినప్పుడు ఎప్పుడూ నా పక్కనే నిలబడేవాడు.

ఆగస్టులో ఒక ఆదివారం ఉదయం, "ఫ్రెండ్లీ మ్యాచ్, జెర్సీలు వేసుకుని రండి," అని కబురొచ్చింది. లారీ ఎక్కాం. ముసురు పట్టి ఉంది. లారీ మైదానాల వైపు తిరగలేదు. గోవింద్‌పూర్ దాటి పోతోంది.

"అన్నా, మ్యాచ్ ఎక్కడ?" అని అడిగాడు సెంటర్ ఫార్వర్డ్.

నాకు తెలీదన్నాను. బరువైన మనుషులిద్దరూ ఈసారి ముందు, డ్రైవరు పక్కన కూర్చున్నారు.

లారీ ఆగిన చోట మైదానం లేదు. కొత్తగా కడుతున్న గోడౌన్లు, ఇనుప గేటు. గేటు ముందు బురదలో గోనెపట్టాలు పరుచుకుని యాభై అరవై మంది కూర్చున్నారు. మా ఠేకేదారు కూలీలే. ముందు నెలలో ఒకడు పైనుంచి పడి చచ్చిపోతే, తలకి టోపీలూ నడుముకి తాళ్లూ ఇచ్చేదాకా పనిలోకి వెళ్లమని కూర్చున్నారట. వెనక దూరంగా ఇంకో లారీ ఉంది, దాన్నిండా కొత్త కూలీలు. దాన్ని లోపలికి పంపాలి. అందుకు దారి కావాలి.

కోచ్ లారీ దిగి, "దీవార్," అన్నాడు. అరవలేదు. మామూలుగా అన్నాడు.

మేం గోడ కట్టాం. ఎందుకు కట్టామంటే చెప్పలేను. మూడు నెలలుగా ఆ మాట వినగానే చేతులు వాటంతటవే మెలిపడిపోవడం అలవాటైంది. పసుపు జెర్సీల్లో తొమ్మిదిమందిమి, భుజం భుజం ఆనించి, కూర్చున్నవాళ్ల మీదికి అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాం.

మొదటి వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. "ఏరా నాయినా, మేచీ ఇక్కడేనేటి?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగాడు. సెంటర్ ఫార్వర్డ్ తండ్రి.

నా పక్కన సెంటర్ ఫార్వర్డ్ ఆగిపోయాడు.

"అన్నా, ఇడిసీ," అన్నాడు వాడు.

నేను వదల్లేదు. వదలకపోగా ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "తొందరపడకురా, ఉండు," అన్నాను. దేనికి ఉండమన్నానో, ఏం జరుగుతుందనుకున్నానో తెలీదు. వాడు ఒక్క గుంజు గుంజి విడిపించుకున్నాడు. ఆ ఊపుకి ముందుకి తూలి మోకాళ్లమీద పడ్డాడు. అప్పటికే ఆ ఇద్దరూ స్టిక్కులు పట్టుకుని పక్కనుంచి వస్తున్నారు. ముసలాయన్ని కొట్టబోయారు. వాడు పడ్డచోటు నుంచే కాలు అడ్డం పెట్టాడు. మొదటి దెబ్బకి ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. రెండో దెబ్బ కూడా అక్కడే పడింది.

గోడ విడిపోయింది. కొందరు పరిగెత్తారు. నేనూ గోల్‌కీపరూ వాణ్ణి ఎత్తుకుని రోడ్డుదాకా మోశాం. వాడు అరవలేదు. "మా నాయిన, మా నాయిన," అంటూనే ఉన్నాడు. ముసలాయన మా వెనకాలే వస్తున్నాడని చెప్పినా వాడికి ఎక్కలేదు.

ఆటగాళ్లు తమలో తాము కొట్టుకున్నారని ఠేకేదారు చెప్పాడు. నేను పోలీసులకి చూసింది చూసినట్టు చెప్పాను. ఆ ఇద్దరూ దొరకలేదు. కోచ్ మళ్లీ కనిపించలేదు. ఆ తర్వాత మూడు వారాలపాటు మా క్వార్టరు ఎదుట టీ బడ్డీ దగ్గర ఒక మనిషి వచ్చి కూర్చునేవాడు. నేను డ్యూటీకి బయల్దేరితే లేచి, చేతులు జోడించి, "నమస్తే కప్తాన్ సాబ్," అనేవాడు. తిరిగి వచ్చేసరికి మళ్లీ ఉండేవాడు. ఒక్క తిట్టు లేదు, బెదిరింపు లేదు. ఒకరోజు నేను ఇంట్లో లేనప్పుడు నా భార్య నీళ్లకి వెళ్తుంటే, "నమస్తే భాభీ," అన్నాడట. ఆ పూటే ఆమె బట్టలు సర్దుకుని అన్నగారింటికి వెళ్లిపోయింది. నేను ఆపలేదు.

ఠేకేదారుని తీసేయడానికి కమిటీ పిలిస్తే నేనూ మాస్టారూ గోల్‌కీపరూ, ముగ్గురమే వచ్చాం. తీసేశామని కాగితం మీద రాసుకున్నాం. బావని అడగడానికి నేనే వెళ్లాను. అన్ని రోజులూ ఏ మొహం పెట్టుకుని వెళ్లాలా అని తిరిగాను. ఆయన యార్డునుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఎంతమంది మిగిలినారు?" అన్నాడు.

"ఏడుగురు."

"సన్నటోడు, ఆ ఎడమేపు ఆడే కుర్రోడు?"

"పిలుత్తే వత్తాడు."

"అయితే ఎనిమిది. రేపు అయిదింటికి రమ్మను," అన్నాడు. ఇంతకుమించి ఆ విషయం ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఆ సీజన్ మిగతా మ్యాచ్‌లన్నీ ఓడిపోయాం. నా భార్య వినాయక చవితి దాటాక ఇంటికొచ్చింది.

సెంటర్ ఫార్వర్డ్ కాలు వంకరగా అతుక్కుంది. మళ్లీ ఆడలేదు. టోపీలూ తాళ్లూ మాత్రం ఇచ్చారు. ముసలాయన వాటితోనే పనిలోకి వెళ్లాడు. వాణ్ణి చూడటానికి వెళ్లినప్పుడు ఒకసారి ధైర్యం చేసి అడిగాను: "ఆవేళ నిన్ను వెంటనే వదిలేసుంటే నువ్వు పడేవోడివి కాదు. నా మీద కోపమేనా?"

"నువ్వు పట్టుకున్నావేటన్నా? నాకు గేపకం లేదు," అన్నాడు. నిజంగా గుర్తులేకో, నామీద జాలితోనో తెలీదు. నాకైతే వాడి మోచెయ్యి ఇంకా ఈ చేతికి తగులుతూనే ఉంటుంది.

పై ఏడు వానలకి ముందు, బిర్సానగర్‌లో ఒక టీము కొత్త జనరల్ మేనేజర్ని పెట్టుకుందని తెలిసింది. ఎవరో చెప్పక్కర్లేదు. సైకిలేసుకుని వాళ్ల మైదానానికి వెళ్లాను. వాళ్ల కెప్టెన్ కూడా మా తెలుగు కుర్రాడే. పక్కకి పిలిచి జరిగిందంతా చెప్పాను. జీపులో ఏమున్నాయో, గోడ దేనికో, కాలు ఎలా విరిగిందో, ఏదీ దాచలేదు. మర్యాదగా, చివరిదాకా విన్నాడు. చెమట తుడుచుకుని, నన్ను ఒక్కటే అడిగాడు.

"ఆయనొచ్చేక మీరెన్ని మేచీలు గెలిసినారన్నా?"

"మూడు," అన్నాను.

"వరసగానా?"

వాడి మొహంలో వెలుగు చూశాను. అవునని చెప్పి, సైకిలెక్కి వచ్చేశాను.