గీత తీసేసిన మాట

స్కిప్టన్ ఊరి ఇంగ్లిష్ వారపత్రికలో ప్రూఫులు దిద్దే హిల్డా థ్వైట్‌కి పొద్దున టీతోపాటే కోపం కూడా మొదలయ్యేది. కారణం ఎప్పుడూ ఆ చిన్న అడ్డగీతే. హైఫన్. కొత్తగా వచ్చిన కుర్ర ఎడిటర్ గారెత్‌కి అదంటే గిట్టదు.

"పేజీ నిండా పుల్లలు పరిచినట్టుంది హిల్డా. తీసెయ్యండి."

"అన్నీ ఉంచమన్నానా? ప్రీస్కూల్‌కి అక్కర్లేదు, తీసెయ్. అర్థం మారిపోయే చోటైనా ఉండనివ్వు నాయనా!"

ఉండనిస్తేగా! సోఫాలకు కొత్త గుడ్డ వేసే నార్మన్ ప్రకటనలో 'రీ-కవర్' అన్న మాటలో గీత ఎగిరిపోయి 'రికవర్' అయింది. దాంతో అతని సోఫాలు జబ్బుపడి కోలుకున్నట్టు అచ్చయింది. "ఏమయ్యా, సోఫాకి జ్వరం తగ్గిందా?" అని సంతలో అందరూ ఆటపట్టిస్తే, నార్మన్ వచ్చి హిల్డా మీద విరుచుకుపడ్డాడు. ఊళ్ళో సహకార బేకరీ పేరులోని 'కో-ఆప్'లో గీత తీసేసరికి అది కాస్తా 'కూప్', అంటే కోళ్ళగూడైంది.

"కోళ్ళగూట్లో రొట్టెలు ఎన్నింటికి కాలుస్తారో కనుక్కో" అని ఇంట్లో భర్త క్లైవ్ పగలబడి నవ్వాడు.

"నవ్వు, నవ్వు. తిట్లు తినేది నేనేగా!"

ఎంత విసుక్కున్నా ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. ఏటా మార్చిలో ఒప్పందం మీద మళ్ళీ సంతకం పెడితేనే అది నిలుస్తుంది. ఈసారి పిలుపు రాకపోయేసరికి గుబులు పట్టుకుంది. చివరికి గారెత్ నుంచి మెసేజ్ వచ్చింది. మళ్ళీ సంతకం చెయ్యమని, 'రీ-సైన్' అని రాయబోయాడు. అలవాటు ప్రకారం 'రీ' పక్కన గీత పెట్టలేదు. గీత లేకపోతే అవే అక్షరాలు రిజైన్ అవుతాయి.

"హిల్డా, శుక్రవారంలోగా దయచేసి రిజైన్ చెయ్యండి."

అతని ఉద్దేశం ఆమెకు తెలియక కాదు. జనం రాసిన దాంట్లోంచి వాళ్ళు చెప్పదలచుకున్నది పట్టుకోవడమే ఇన్నేళ్ళూ ఆమె పని. అయినా, లేదా అందుకే, ఒళ్ళు మండిపోయింది.

శుక్రవారం ఆమె ఇచ్చిన కాగితం చదివి గారెత్ తెల్లబోయాడు.

"రాజీనామానా? అయ్యో, నేనన్నది అది కాదండీ!"

"తెలుసు."

"తెలిసీ ఇదేంటి? కాస్త దిద్దుకుని చదవచ్చుగా!"

హిల్డాకి దుఃఖం ముంచుకొచ్చింది. కోటు గుండీ ఒకపట్టాన పడలేదు.

"దిద్దడం నా ఉద్యోగం బాబూ. అదేగా నువ్వు మానెయ్యమంది."