దళపతి ఇసావో పాడడు

ఇనుము కరిగించే కొలుముల దగ్గర జీవితమంతా చెమటోడ్చిన తోమోబే ఇసావోని ఇప్పుడు "ఇసావో-చాన్" అని పిలుస్తున్నారు. చాన్! చంటిపిల్లల్నీ పెంపుడు పిల్లుల్నీ పిలిచే పిలుపు. పిలిచేదేమో మనవరాలి ఈడు పిల్ల. మా కావాగుచి ఊళ్ళో, మా తరానికి, నోరారా చాన్ అనిపించుకోదగ్గ మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ హోజుమి రూరి. ఆ సంగతి ఇసావోకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నాకు ముక్కుమీద కోపం. స్టేషన్ వీధిలో నా కట్లెట్ల కొట్టుకి వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఇదీ కోపంగానే చెబుతున్నాను, చల్లారాక చెప్పడం నాకు చేతకాదు.

రూరి పాడే రోజుల్లో మాకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. చెవుల మీదకి జుట్టు, తెల్ల గౌను, పాట మొదట్లో కొద్దిగా వణికే గొంతు. ఏ రేడియో పెట్టినా ఆవిడే. ఆవిడ పాడే ప్రతి సభకీ వెళ్ళడానికి మా ఊళ్ళో ఒక అభిమాన దళం ఉండేది. దాని దళపతి ఇసావో. ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ, తర్వాత ఒసాకాకి కాపురానికి వెళ్ళిపోయిన యాసుయో. వేదిక మీదకి విసరడానికి రంగు కాగితం చుట్టలు కొనేవాళ్ళం. కొన్నవి కొన్నట్టు విసరడానికి వీల్లేదు. ఒక్కొక్క చుట్ట విప్పి, లోపలి అట్టగొట్టం తీసేసి, మళ్ళీ చేత్తో చుట్టాలి. గట్టిది తగిలితే ఆ పిల్లకి దెబ్బ తగులుతుందని ఇసావో భయం. కొలిమి పని ముగించుకుని, మసి చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి కూర్చుని, మేం చుట్టినవన్నీ నొక్కి చూసేవాడు.

అసలు నియమం ఇంకొకటి ఉంది. దళంలో ఉన్నవాడు పాడకూడదు. పాట ఎంత నోటికొచ్చినా సరే, పాడకూడదు. ఆవిడ ఒక చరణం పాడి ఊపిరి తీసుకునే చోట, ఆ ఖాళీలో, అందరూ ఒక్క గొంతుతో "రూ-రి-చాన్!" అని అరవాలి. అంతే, మళ్ళీ నిశ్శబ్దం. ఇసావో కుడి పిడికిలి పైకి లేచిందంటే నోళ్ళు మూతపడాలి. దిగిందంటే అరవాలి. ఒకసారి ఆరుబయట సభలో బియ్యం కొట్టువాళ్ళ నోబుహికో ఒళ్ళు మరిచిపోయి ఆవిడతోపాటు పాడేశాడు. ఇసావో అందరి ముందే, దళంవాళ్ళం కట్టుకునే నుదుటి పట్టీ వాడి తల మీంచి ఊడబీకేశాడు.

"పాట బాగుంది కదా దళపతీ, ఆగలేకపోయాను" అన్నాడు వాడు, ఏడుపు మొహంతో.

"నువ్వు పాడితే ఆ పిల్ల గొంతు ఎవడు వింటాడ్రా? ఆవిడ ఊపిరి తీసుకునే చోటే మనది. మిగతాదంతా ఆవిడది."

కొలిమిలో తోటివాళ్ళు ఎంత ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. "బొమ్మపిల్ల వెనక తిరుగుతున్నావేంరా" అంటే, "నువ్వు గుర్రప్పందాల వెనక తిరుగు, నేను ఈవిడ వెనక తిరుగుతా. సాయంత్రానికి జేబు ఎవడిది ఖాళీ అవుతుందో చూద్దాం" అనేవాడు. రూరి పెళ్ళి చేసుకుని పాటలు మానేసింది. ఇసావో ఫుమియేని చేసుకున్నాడు. తాగుడు కొట్లో ఎవరైనా మైకు చేతికిచ్చినా పాడేవాడు కాదు. ఎవరైనా రూరి పాట ఎత్తుకుంటే మాత్రం ఖాళీ దొరికిన చోట అరిచేవాడు.

పోయిన శీతాకాలం పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. "ఊ" మిగిలింది. ఫుమియే బడి వంటశాలలో పనిచేస్తుంది. పొద్దున వ్యాను వచ్చి ఇసావోని పగటి సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్ళి, సాయంత్రం దింపుతుంది. అది ఉండబట్టే ఆవిడ పనికి వెళ్ళగలుగుతోంది.

ఒకరోజు మధ్యాహ్నం ఫుమియే వంటశాల తెల్ల కోటుతోనే నా కొట్టుకి వచ్చి నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"కియోనో అక్కా, కేంద్రంవాళ్ళు ఈయన్ని ఇంక పంపొద్దంటున్నారు. కొండల అవతల ఏదో ఆశ్రమం ఉందట, అక్కడ చేర్పించమంటున్నారు."

"ఎందుకట? ఎవరినైనా కొట్టాడా?"

"అరుస్తున్నాడట. అందరూ పాటలు పాడుకుంటుంటే ఈయన ఒక్కడూ పాడడట, ఉన్నట్టుండి అరుస్తాడట. పక్కన ముసలమ్మ టీ ఒలకబోసుకుందట. బుర్ర పోయిందక్కా. ఎవరో ఆడదాని పేరు అరుస్తున్నాడు."

"ఏ పేరు?"

"రూరి" అంది ఆవిడ తల వంచుకుని.

నా చేతిలో జల్లెడగరిటె నూనెలో పడిపోయింది. "అయ్యో నీ తెలివీ! ఎక్కడ అరిచాడు, పాట మీదా, పాట ఆగిన చోటా?"

"ఎక్కడ అరిస్తే ఏముందక్కా!"

అంతా అక్కడే ఉంది. ఫుమియేని అని లాభం లేదు, ఆవిడ ఒక్క సభ చూసి ఎరగదు, ఇసావో ఇంట్లో ఆ రోజుల ఊసే ఎత్తేవాడు కాదు. మర్నాడు, కట్లెట్ల కోసం జనం వరసకట్టే వేళలో, కొట్టు మూసేసి ఆ కేంద్రానికి వెళ్ళాను.

అక్కడ పెద్దవాళ్ళందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, పువ్వుల పాట పెట్టి చప్పట్లు కొట్టిస్తున్నారు. ఇల్లు నడిపినవాళ్ళు, యంత్రాలు నడిపినవాళ్ళు, సిటీ బస్సులో టికెట్లు కొట్టిన ఆవిడ, అందరి చేతా. ఇసావో చక్రాల కుర్చీని గోడవైపు తిప్పి ఉంచారు. గోడవైపు! నాకు ఒళ్ళు మండిపోయింది.

మేనేజరు పేరు అకుత్సు. చెడ్డపిల్ల కాదు, అదే ఇంకా మంట. "మేం ఎంతో ప్రేమగా చూసుకుంటున్నామండీ. వాళ్ళ వయసు పాటలైతే ఉత్సాహంగా ఉంటుందని నేనే హోజుమి రూరి పాటలు పెట్టాను. ఇసావో-చాన్ ఒక్కసారి కూడా గొంతు కలపలేదు. పాడలేని స్థితికి వచ్చేశారు, పాపం."

"పాడలేక కాదమ్మా, పాడకూడదు కాబట్టి. ఆయన్ని ఇటు తిప్పి ఆ పాట మళ్ళీ పెట్టు. 'నిమ్మరంగు బస్టాపు.'"

"మళ్ళీ అరుస్తారండీ."

"అరవాలనే పెట్టమంటున్నాను!"

వాళ్ళు పెట్టింది పాటలేని వట్టి వాద్యం. అందులో రూరి గొంతు లేదు. మరి ఆవిడ లేకుండా ఆయన ఎవరి ఊపిరి కోసం కాచుకుంటాడు? గత్యంతరం లేక మైకు నేనే తీసుకున్నాను. నూనె మరకల ఏప్రాను, అరవై దాటిన గొంతు. సిగ్గు ఎటుపోయిందో తెలియదు.

"వాన ఆగింది..."

"రూ-రి-చాన్!"

"బస్సు రాలేదు..."

"రూ-రి-చాన్!"

మాటలేని మనిషి నోట్లోంచి మూడు ముక్కలూ స్పష్టంగా వచ్చాయి. నా పదం మీద ఒక్కటీ పడలేదు. నా ఊపిరి చాలక ఒకచోట ముందే ఆగిపోతే, ఆ ఖాళీలో కూడా అరుపు సరిగ్గా వచ్చి పడింది. టికెట్లు కొట్టిన ఆవిడ రెండో చరణానికల్లా ఆయన అరుపుతో గొంతు కలిపింది. ఫుమియే ఇది చూడలేదే అని నాకు ఏడుపొచ్చింది.

అకుత్సు కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. తిరిగితే ఊరుకోవచ్చుగా? చప్పట్లు కొడుతూ, తన పనివాళ్ళని కూడా లేపి, "అందరం పాడదాం!" అని పల్లవి ఎత్తుకుంది. గది నిండా పాట. ఇసావో మొహం ఎర్రబడింది. కుడిచెయ్యి కదల్లేదు. ఎడమచెయ్యి లేచింది. పిడికిలి బిగిసి ఉంది.

"నోళ్ళు ముయ్యండి! దళపతి చెయ్యెత్తాడు!" అని మైకులోనే అరిచాను.

గదిలో చప్పుడు ఆగిపోయింది. నేను ఒక్కదాన్నే, బొంగురుగా, ఆ చరణం పూర్తిచేశాను. పిడికిలి దిగింది. ఈసారి గదంతా అరిచింది.

అకుత్సు ముక్కు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది. "తెలియక చేశామండీ. రేపటి నుంచి కూడా ఇసావో-చాన్‌ని..."

"నాతో ఎందుకు చెబుతావు? ఆయన చెవులు బాగానే ఉన్నాయి. ఆయన్నే అడుగు. మనిషిని పిలిచినట్టు పిలువు."

ఆ పిల్ల మొహం కందిపోయింది. వెళ్ళి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "తోమోబే గారూ, క్షమించండి. రేపు కూడా వస్తారా?"

ఇసావో ఎడమ పిడికిలి మళ్ళీ మెల్లగా పైకెత్తాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అకుత్సు ఏదో అందించబోయి, పిడికిలి చూసి ఆగింది. ముసలివాళ్ళూ, పనివాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ నోరు మూసుకుని ఉండిపోయారు. జబ్బు పడ్డాక ఆయన మాట కోసం ఎవరైనా అంతసేపు ఆగడం నేను చూడలేదు.

పిడికిలి దించి, "ఊ" అన్నాడు.