ఊరి గాలిని చదివిన మామగారు

పోయిన వారం మా మామగారు పోయారు. మా ఆయన ఫోన్ చేసేసరికి నేను ఎల్బీనగర్‌లోని నా షాపులో ఒక కారు డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి ఉన్నాను. మధ్యాహ్నం భోంచేసి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే కునుకు తీశారట. మళ్ళీ లేవలేదు. ఏడ్చాను, బాగానే ఏడ్చాను. కానీ ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే మాత్రం నవ్వే వస్తోంది. ఆయన అలాంటి మనిషి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళయితే మీరు ఆయన్ని చూసే ఉంటారు. మెట్రో మెట్ల దగ్గర కోచింగ్ పిల్లల గుంపులో నిలబడి, మబ్బు వైపు ఓసారి చూసి, గొడుగు తెరవాలా వద్దా అని తేల్చుకునే పొట్టి మనిషి. వాతావరణ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సగం సర్వీసు సముద్రం ఒడ్డు ఊళ్ళలో, సగం ఇక్కడ. ఎక్కడున్నా పని ఒకటే, గాలి ఒత్తిడి ఎంతుందో చూసి రాయడం. చూసేముందు బారోమీటరు గాజును వేలితో తట్టేవారు, ముల్లు ఎక్కడైనా ఇరుక్కుని ఉంటే కదులుతుందని. ఆ అలవాటు ముదిరి గోడ గడియారాన్నీ తట్టేవారు, డాక్టరు బీపీ మిషన్నీ తట్టేవారు. ఒకసారి రైతుబజారులో కాటాను తట్టారు. కూరగాయలమ్మే ఆవిడ ఊరుకుంటుందా!

నేను నల్లగొండ పిల్లని. కారు ఇంజన్‌లోకి ఎంత గాలి వస్తే ఎంత పెట్రోలు పోయాలో దాని కంప్యూటరుకు నేర్పడం నా పని. పెళ్ళయిన కొత్తలో ఆయన అడిగారు.

"నువ్వు చేసే పనేంటమ్మాయ్, వివరంగా చెప్పు."

"గాలి ఎంతొస్తదో చూసి గంత పెట్రోల్ పోపిస్త మామయ్యా."

"అయితే మనిద్దరిదీ ఒకే డిపార్ట్‌మెంటు" అన్నారు. మర్నాటి నుంచి నా క్యారియర్ తేవడమనే వంకతో షాపుకు రావడం మొదలుపెట్టారు. అత్తారింట్లో నా పనిని పనిగా చూసిన మొదటి మనిషి ఆయనే. అందుకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

షాపు పెట్టిన కొత్తలోనే ఆ రోటరీ ఇంజన్ వచ్చింది. కొత్తపేట పండ్ల వ్యాపారి ఒకాయనది. మార్కెట్ అక్కణ్ణుంచి తరలిపోయినా ఆయన ఇల్లూ గొంతూ కొత్తపేటలోనే ఉండిపోయాయి. రేసు ట్రాకు మీద సరదాగా నడుపుకోవడానికి టర్బో ఉన్న జపాన్ ఇంజన్ తెప్పించి ఒక కారులో పెట్టించాడు. మామూలు ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. ఇందులో మూడు మూలల రోటరు గుండ్రంగా తిరుగుతుంది. ఆ మూలల్లో సన్నటి సీళ్ళుంటాయి. టర్బో గాలిని దట్టించి తోసేటప్పుడు పెట్రోలు తక్కువైందా, ఆ సీళ్ళు పుటుక్కున విరుగుతాయి. ఇక్కడ దొరకవు. 'ఆమె ముట్టుకుంటే ఇంజన్ పోయింది' అన్న మాట పుట్టాలే గానీ, ఎల్బీనగర్ చౌరస్తా దాటకముందే ఊరంతా పాకుతుంది. ఆ ఇంజన్ పోతే నా షాపూ పోయినట్టే.

టర్బో ఎంత గాలి తోస్తోందో కంప్యూటరుకు చెప్పేది ప్రెషర్ సెన్సర్. ఆ ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. వ్యాపారి దాన్ని తనే కొనుక్కొచ్చాడు.

"అక్కా, మన టర్బో ఒక బారే కొడతది. గీ సెన్సర్ రెండు బార్ల దాంక చూస్తది. ఇంక ఏం పరేషాన్?"

"అన్నా, గది మనచుట్టు ఉన్న గాలిని గూడ కలుపుకుంటది. గదొక బారు, నీ టర్బోదొక బారు. ఆడికే నిండిపాయె. జర ఎక్కువైతే దానికి కనబడది, కంప్యూటర్ పెట్రోల్ పెంచది."

"టైర్ల గాలి సున్నా కాడికెల్లే చూస్తరు గద! గీడ ఎట్ల మారుతది? పెడితే గిదే పెట్టు, లేకుంటె ఇంకో షాపు చూస్కుంట."

నాకు తిక్క రేగింది. పెడితే ఇంజన్ పోతుంది, పెట్టకపోతే బేరం పోతుంది. ఏదో ఒకటి అనేసేదాన్నే, ఈలోగా క్యారియర్ గిన్నెలు విప్పుతున్న మామగారు తలెత్తారు.

"ఏమండీ, మీరు పండ్లు తూచేటప్పుడు తట్ట కాటా మీదుంటుందా, కిందుంటుందా?"

"మీదనే ఉంటది సారూ. ఎందుకు?"

"వంద కిలోల కాటా మీద యాభై కిలోల తట్ట పెట్టారనుకోండి. పండ్లు ఎన్ని పెట్టగలరు?"

"యాభై."

"ఊరి గాలి కూడా ఆ తట్టలాంటిదేనండీ. టైరు గేజి తట్ట బరువు తీసేసి చెబుతుంది. ఈ సెన్సర్ తట్టతో సహా మోస్తుంది."

వ్యాపారి సెన్సర్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "గట్లనా! మరి ఐదు బార్లది పెడదమా, పీడ పోతది?"

వద్దన్నాను. మరీ పెద్దదైతే, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు వచ్చే చిన్న చిన్న తేడాలు దానికి సరిగ్గా ఆనవు. ఈసారి వ్యాపారే అందుకున్నాడు. "లారీ కాటా మీద మామిడిపండ్లు తూచినట్టయితదన్నట్టు." నవ్వీ నవ్వీ మామగారికి పెరుగన్నం పొలమారింది. మూడు బార్లది తెప్పించాం.

బిగించేటప్పుడు ఆయన స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు. మూడు తీగలు. ఒకటి కరెంటు, ఒకటి కంప్యూటరుకు కబురు మోసేది, మూడోది గ్రౌండు. ఆ మూడోదాన్ని కారు బాడీకి కాకుండా నేరుగా కంప్యూటరుకే కలిపాను, లేకపోతే కబురులో గోల చేరుతుంది. సెన్సర్‌కు గాలి గొట్టాన్ని, ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ దాటిన తర్వాత నుంచి తీశాను. దాంట్లోంచి ఇంకే పరికరానికీ వాటా ఇవ్వలేదు. రోటరీ ఇంజన్ నూనె తాగుతుంది కాబట్టి, ఆ తుంపర వెనక్కి జారిపోయేలా సెన్సర్‌ను గొట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. నేనెంచుకున్న చోటు టర్బో వేడికి దగ్గరైంది. "పరికరాన్ని ఎండలో పెట్టకూడదమ్మాయ్" అన్నారాయన. జరిపాను. బిగించాక వేలితో తట్టారు.

"దీన్ల ముల్లు లేదు మామయ్యా."

"లేకపోతేనేం, పలకరించినట్టుంటుంది."

ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పితే ల్యాప్‌టాప్‌లో ఊరి గాలి కనబడాలి. బారులో వెయ్యో వంతైన మిల్లీబార్లలో పెట్టమన్నారు, ఆయనకొచ్చిన భాష అదే. తొమ్మిది వందల యాభై చూపింది. తువ్వాల్లో చుట్టి తెచ్చిన తన బారోమీటరు తీశారు. అదీ అంతే చూపింది. "కదలని గాలిని సరిగ్గా చెప్పలేనిది కదిలే గాలిని చెబుతానంటే నమ్మకూడదు. ఇది చెప్పింది, నమ్ము" అన్నారు. ఇప్పటికీ ఏ బండికైనా ముందు ఆ పరీక్షే చేస్తాను.

అబ్దుల్లాపూర్‌మెట్ అవతల, వ్యాపారికి తెలిసినవాళ్ళ గోదాముల మధ్య పొడవాటి సిమెంటు రోడ్డుంది. కారును ట్రైలర్ మీద అక్కడికి చేర్చాం. నేను నడపాలి, పక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లో అంకె చదివే మనిషి కావాలి. వ్యాపారి అయితే అంకె మానేసి కేకలు పెడతాడు. "నేను చదువుతాను. సర్వీసంతా చేసింది అదేగా" అన్నారు మామగారు. మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఇద్దరికీ అక్షింతలు పడేవి.

అంకె రెండు వేల వంద దాటితే ఆయన "చాలు" అనాలి, నేను కాలు తీసేస్తాను. అదీ ఒప్పందం. ఇద్దరం హెల్మెట్లు పెట్టుకున్నాం. యాక్సిలరేటర్ నొక్కాను. టర్బో ఈలేసింది. ఆ హోరులోనూ ఆయన గొంతు రేడియోలో వార్తలు చదివినట్టే ఉంది. "పదిహేను వందలు. పద్దెనిమిది వందలు. పంతొమ్మిది వందల యాభై. రెండు వేలు." వ్యాపారి కొన్న సెన్సర్ అక్కడే కళ్ళు మూసుకునేది. "రెండు వేల ఎనభై. నిలబడింది. తగ్గుతోంది." పెట్రోలు సరిగ్గా అందింది, ఇంజన్ ఎక్కడా తడబడలేదు. రోడ్డు చివర ఆపి స్టీరింగ్ మీద తల ఆనించాను. షాపు బతికింది.

వెనక్కి తిప్పి తెస్తే వ్యాపారి పరుగెత్తుకొచ్చి తలుపు తీశాడు. "దిగుర్రి సారూ, చాయ్ తాగుదం."

మామగారు దిగలేదు.

"అమ్మాయ్, నేను చదవకపోయినా ఆ అంకెల్ని కారు కంప్యూటర్ రాసుకుంటుందా?"

"రాసుకుంటది మామయ్యా."

"అయితే ఇంకోసారి పోదాం. ఈసారి నేను రోడ్డు చూస్తాను."

ల్యాప్‌టాప్ తీసి వ్యాపారి చేతుల్లో పెట్టారు. బెల్టు తనే లాగి బిగించుకున్నారు. కనుబొమల మీదికి జారుతున్న హెల్మెట్‌ను పైకి నెట్టుకుని, మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురుగా ఎండలో మెరుస్తున్న ఆ పొడవాటి ఖాళీ రోడ్డును కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చున్నారు.