వరుసలో చెప్పుల జత

మొన్న అనంతపురంలో కళ్ల డాక్టరు దగ్గర కూర్చుని ఉంటే, ముందు నంబరాయన బయటికి పోయి ఉండటంతో పిలుపు నాదాకా వచ్చింది. సంతోషంగా లేచి రెండడుగులు వేశాక మా నాయన గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాను. పక్కనున్నామె నన్ను వింతగా చూసింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ముదిగుబ్బలో సబ్సిడీ వేరుశనగ విత్తనాలు ఇచ్చేవారు. ఎండకు నిలబడలేక రైతులు చెప్పులను వరుసలో పెట్టి, తాము గోడ నీడన బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవారు. చెప్పులున్నచోట మనిషి ఉన్నట్టే లెక్క. ఆ వరుసకు మా నాయన తనంతట తానే కాపలా. కుక్క ఎత్తుకుపోయిన చెప్పును కూడా వెతికి తెచ్చి, దాని చోట్లోనే పెట్టేవాడు. ఊళ్లోవాళ్లు ఎగతాళి చేసినా పట్టించుకునేవాడు కాదు.

ఆ ఏడు వాన పడింది, చేను మంచి పదును మీద ఉంది, ఇంట్లో విత్తనం గింజ లేదు. నాయన వరుసలో ఉన్న రెండోరోజు నేను సద్ది తీసుకుని పోయేసరికి, ఇంక ఒక్కరికి సరిపడా మూటలే ఉన్నాయని గుమాస్తా చెబుతున్నాడు. మా నాయన ముందు మిగిలింది ఒకే జత, పిన్నీసు గుచ్చిన పాత చెప్పులు. వాటి యజమాని పక్క ఊరాయన. తల్లికి బాగాలేదని కబురొస్తే చెప్పులక్కడే వదిలి, ఒట్టికాళ్లతో జీపెక్కి పోయాడట. గుమాస్తా పాసుబుక్కు కోసం మా నాయన వైపు చెయ్యి చాచాడు. నాయన కదల్లేదు.

నాకప్పుడు డిగ్రీ చదువు తలకెక్కి ఉండేది. ఆయన వస్తాడో రాడో తెలియదు, మన చేను మాత్రం ఎదురుగా ఉంది, ఎక్కువ మేలు ఎటువైపో చూడమని వాదించాను. చివరికి, "విత్తేది చెప్పులు కాదు కద నాయనా" అన్నాను. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు.

"నువ్వు చెప్పేది మంచిగానే ఉండాదమ్మా. కానీ ఆ వంతు మనది కాదు. ఆయప్ప నాకు చెప్పి పోలేదు. వరసను నమ్ముకోని పోయినాడు."

నాయన వెర్రితనానికి నాకు ఒళ్లు మండింది. సాయంత్రం తలుపులు మూసేదాకా చూద్దామని ఆయన గుమాస్తాను ఒప్పించాడు. తాళం వేయబోతుండగా పక్క ఊరాయన పరుగున వచ్చాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టి, సంతకం చేసి, మూటలెత్తుకుని పోయాడు. మా నాయన వంక చూడను కూడా లేదు. మేం ఆ ఏడు ఆలస్యంగా ఉలవలు చల్లుకున్నాం. అమ్మ వారం రోజులు నాయనతో మాట్లాడలేదు, నేనూ అమ్మ పక్షమే. ఏడాది పొడుగునా ఉలవచారు పోసుకుంటూ ఆయన మాత్రం బాగుందనేవాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజు నా వాదనలో తప్పేమిటో ఇప్పటికీ నాకు దొరకలేదు. కానీ వయసు పెరిగేకొద్దీ, నేను లేనప్పుడు నా వెనక నిలబడి ఉండాల్సింది మాత్రం నాలాంటి మనిషి కాదు, ఆయనలాంటివాడే అనిపిస్తోంది.