వజ్రాల చేలో చల్లిన పేరు

ఉరవకొండ బజారులో రామదాసు నడక చూసినవాళ్లకు ఇట్టే తెలిసిపోయేది, ఈ మనిషి కిందికి చూడడని. తల నిక్కబెట్టుకుని, ఎదురొచ్చేవాళ్ల నుదుళ్ల మీదుగా చూపు సారించి పోయేవాడు. రెండుసార్లు మురుగుకాలవలో పడ్డాడు. పేడలో కాలేసిన సార్లకు లెక్కే లేదు. పొగరుబోతని కొందరు, మెడ పట్టేసిందని కొందరు అనుకునేవాళ్లు. రెండూ కాదు. ఆయన తండ్రి ఎర్రప్ప ఏటా తొలకరికి వజ్రకరూరు చేలల్లో వంగి, దగ్గుకుంటూ వజ్రపు రాళ్లు వెతికేవాడు. అట్లా వెతికి వెతికి, ఒక ఏడు ఇంటికే రాలేదు. శవం కాదు గదా, చెప్పు కూడా దొరకలేదు. అప్పటికి రామదాసుకు పదకొండేళ్లు. తల్లి నాగలక్ష్మమ్మ ఆ రోజు కొడుకు గడ్డం పట్టుకుని పైకెత్తి, "నువ్వు నేల చూడొద్దప్పా, నీ కాళ్లు మొక్కుతా" అంది. తల్లి చేత ఆ మాట అనిపించుకున్న పిల్లవాడు మళ్లీ తల దించలేదు.

అట్లాంటి మనిషి తల ఎట్లా వంగిందో ఆయన భార్య వనజాక్షికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తప్పు తనదేనని ఆమె నమ్మకం. నన్నడిగితే అందులో సగం నిజం.

రెండువేల అయిదులో రామదాసుకు బస్టాండు పక్కన నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఇంటర్నెట్లో ఒక పేరుకు డాట్ కామ్ తగిలించి ఎవరు ముందు రిజిస్టర్ చేసుకుంటే ఆ పేరు వాళ్లది. తరువాత అది కావలసినవాడు ఎంతటివాడైనా వాళ్ల దగ్గరికే రావాలి. బెంగళూరులో ఎవడో ఒక్క పేరు అమ్మి కారు కొన్నాడని పేపర్లో చదివి, రామదాసు తొమ్మిది పేర్లు కొనిపెట్టాడు. చేనూ లేదు, వాననూ నమ్ముకోనక్కర్లేదు, తలెత్తుకుని చేసే వ్యాపారమని మురిసిపోయాడు.

కొన్నంత సులువుగా అమ్ముడుపోతేనా! కొనగలిగిన వాళ్లెవరూ కంప్యూటరు ముందు కూర్చునే రకం కాదు, బజారులోనే పట్టుకోవాలి. సినిమాహాల్లో ఇంటర్వెల్ స్లయిడ్ వేయించాడు. విత్తనం బస్తాల్లో చీటీలు పెట్టించాడు. చివరికి శెనక్కాయల మిల్లు హనుమంతప్ప దగ్గరికి స్వయంగా వెళ్లి, "అన్నా, నీ పేరు నా దగ్గర ఉండాది" అన్నాడు.

హనుమంతప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా పేరు నీ దగ్గర ఎందుకుండాదప్పా? ఎవరిచ్చినారు నీకు?"

ఎంత చెప్పినా ఆయన బెరుకు పోలేదు. సాయంత్రానికల్లా మిల్లు గేటుకు నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడాయి. మరునాటి నుంచి రామదాసు వస్తుంటే అంగళ్లవాళ్లు సగం తలుపులు దగ్గరికి లాక్కోవడం మొదలుపెట్టారు.

ఆశంతా ఇక ఒక్క పేరు మీదే మిగిలింది. తొలకరి వజ్రం డాట్ కామ్. ఏటా డబ్బు కట్టకపోతే పేరు చేజారుతుంది. మిగతావి అట్లా పోయాయి, శ్రావణం దాటితే దీని గడువు కూడా తీరిపోతుంది. అప్పుడు వనజాక్షికి ఆ ఆలోచన వచ్చింది.

"స్లయిడ్లూ చీటీలూ ఎవరు చూస్తారు? తొలకరికి వజ్రకరూరు చేలల్లో వేలమంది నేల చూస్తాంటారు గదా. అమ్మేది ఆడే అమ్మల్ల" అంది భర్తతో. "వజ్రాల వ్యాపారుల మనుషులు కూడా గట్ల మీదే ఉంటారు. పేరు చెక్కిన బిళ్ల ఒకరికి దొరికితే చాలు, ఊరంతా అయితాది."

ఆమె కణేకల్ కాలవ కింద పుట్టిన పిల్ల. వాళ్ల ఊళ్లో నాట్లప్పుడు బురదలో చెవికమ్మ దొరికినా వీధి వీధంతా తెలిసిపోతుంది. అన్ని ఊళ్లూ అంతేననుకుంది.

స్టీలు సామాన్ల అంగట్లో చెంబుల మీద పేర్లు చెక్కే యేసన్న చేత ఆరు వందల బిళ్లలు చేయించారు. రూపాయంత బిళ్ల, ఒక పక్క ఆ పేరు, ఇంకో పక్క సెంటరు ఫోను నంబరు. వాన కడిగితే తళుక్కుమంటాయి. నాగలక్ష్మమ్మ మాత్రం ఆ బిళ్లల సంచీని ముట్టుకోలేదు. "ఆ నేల మీద పేర్లు చల్లొద్దు వనజా. అది తీసుకుంటాది గాని ఇయ్యదు" అంది. వనజాక్షి నవ్వి ఊరుకుంది.

మబ్బు కమ్మిన రోజు సాయంత్రం మొగుడూ పెళ్లాం మోటారు సైకిల్ మీద వెళ్లారు. రామదాసు రోడ్డు దిగలేదు, మబ్బులు చూస్తూ నిలబడ్డాడు. వనజాక్షి ఒడినిండా బిళ్లలు పోసుకుని విత్తనాలు చల్లినట్టు చల్లుకుంటూ పోయింది. గాలి ఉన్నట్టుండి నిలిచిపోయింది. తన అడుగు పడిన చోటే వెనక ఇంకెవరిదో అడుగు పడుతున్నట్టు అనిపించి రెండుసార్లు వెనక్కి తిరిగింది. దూరంగా రోడ్డు మీద భర్త తప్ప ఎవరూ లేరు.

ఆ రాత్రే వాన కురిసింది. తెల్లారేసరికి కర్నూలు నుంచీ బళ్లారి నుంచీ జనం దిగారు. మూడోనాడు వనజాక్షి చూడటానికి వెళ్లింది. ఆమె కళ్లముందే ఒక ముసలామె చేతిలో బిళ్ల మెరిసింది, మెరిసి కొంగుముడిలోకి పోయింది.

"ఏం దొరికింది పెద్దమ్మా?"

"ఏమీ లేదమ్మా."

ఇంకొకాయన్ని అడిగింది. ఏమీ లేదు. ఇరవై మందిని అడిగితే ఇరవై మందీ అదే మాట, అదే గొంతుతో అన్నారు. ఒక్కరూ తలెత్తలేదు. చేనంతా గాలించినా ఆమెకు ఒక్క బిళ్ల కనిపించలేదు. అసలు చల్లానా అని ఆమెకే అనుమానం వచ్చింది.

మరుసటి రోజు మధ్యాహ్నం నుంచి సెంటర్లో ఫోను మోగడం మొదలైంది. ఎత్తితే మాట ఉండదు. ఎవరో ఊపిరి పీల్చడం, తడినేల మీద కాలు పెట్టి తీసినట్టు చప్పుడు, అంతే. ఒకే రోజు పదకొండుసార్లు మోగింది. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయినప్పుడు ఆ చప్పుడు మరీ దగ్గరగా వినిపించేది. ఆమెకు భయం వేసి అత్తతో చెప్పింది.

నాగలక్ష్మమ్మ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "రాయి దొరికినోడు నోరు తెరవడు వనజా. తెరిస్తే దొరికింది నీళ్లయిపోతాదంటారు. కొనేటోళ్లే ముందు అడగల్ల, నీ దగ్గర ఏమో ఉండాదంట గదా అని. మీ మామ నాకు కూడా చెప్పేటోడు కాదు."

ఇదంతా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదని వనజాక్షికి ఏడుపొచ్చింది. సరే, దారి తెలిసింది కదా అనుకుని, మళ్లీ ఫోను మోగగానే ధైర్యం చేసి అడిగింది.

"నీ దగ్గర ఏమో ఉండాదంట గదా?"

"ఉండాది" అంది ఒక ముసలి గొంతు. రెండుసార్లు దగ్గు వినిపించింది. "రామదాసు ఇంకా తలెత్తుకునే నడుస్తాండాడా?"

ఆ వెంటనే ఫోను కట్టయింది.

రామదాసు నడక ఊరందరికీ తెలుసు, ఎవరో ఆకతాయి పని అయ్యుంటుందని తనకు తానే నచ్చజెప్పుకుంది. ఆ మాట కడుపులోనే దాచుకుని ఉండాల్సింది. దాచుకోలేకపోయింది. రాత్రి అన్నం పెడుతూ చెప్పేసింది.

"దగ్గినాడా?" అన్నాడు రామదాసు.

"రెండుసార్లు."

ఆయన కలుపుతున్న ముద్ద వదిలేశాడు. కంచంలోకి తల వంచాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో వనజాక్షి భర్త నడినెత్తి చూడటం అదే మొదటిసారి. అక్కడ జుట్టు పలచబడిందని కూడా ఆమెకు అప్పటిదాకా తెలియదు.

తెల్లారి లేచేసరికి మనిషి లేడు. పొద్దు గుంకాక మోకాళ్లదాకా మట్టితో వచ్చి, "నాయనను వెదుకుతాండా" అన్నాడు. రెండోనాడు, "ఆ బిళ్లలు ఏరుకుంటా పోతే ఆయన యాడుండేదీ తెలుస్తాది" అన్నాడు. మూడోనాడు ఇంటికి రాలేదు. వనజాక్షి ఎవరినో పంపితే, కనబడ్డాడనీ, పిలిస్తే పలకలేదనీ చెప్పారు. అత్త గడప దగ్గర కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. ముప్పై ఏళ్ల కింద ఎర్రప్ప కోసం ఎదురుచూస్తూ ఆమె కూర్చున్నదీ ఆ చోటే.

ఎనిమిదోనాడు గుంతకల్లు నుంచి తెల్లచొక్కా మనిషి ఒకాయన సెంటరుకు వచ్చి, బల్ల మీద స్టీలు బిళ్ల పెట్టాడు. "ఈ పేరు మా వజ్రాల సేటుకు కావాలమ్మా. అడిగినంత ఇస్తాడు. మీ ఆయన్ను పిలిపిస్తే కాగితం మీద సంతకం తీసుకుంటా. సాయంత్రం బండికి సేటు బొంబాయి పోతాడు."

వనజాక్షి చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కింది. ఇంక వెదకాల్సిన పనిలేదు, గెలిచామని చెబితే లేచి వస్తాడు, తల్లి ముందు తలెత్తుకుని నిలబడతాడు. దారంతా ఆ మాటలే అనుకుంది.

చేలో నాలుగు వందల వీపులున్నాయి. అన్నీ మట్టిరంగులోనే ఉన్నాయి. పెళ్లయినప్పటి నుంచి ఆమె భర్తను పేరు పెట్టి పిలిచి ఎరగదు. గట్టు మీద నిలబడి గొంతు చించుకుని అరిచింది, "రామదాసూ" అని. మళ్లీ అరిచింది. ఒక్క తలా లేవలేదు.

వీపు వెంట వీపు చూసుకుంటూ పోయి, చేను నడుమ ఆయన్ను పట్టుకుంది. భుజం మీద చెయ్యి వేసింది.

"పేరు కొంటామని వచ్చినారు. సెంటర్లో కూర్చోనుండారు. లెయ్యి, ఇంటికి పోదాం."

"ఏ పేరు?" అన్నాడు రామదాసు, నేల మీది నుంచి చూపు తిప్పకుండా.

ఆమె ఆయన ముందుకు వచ్చి నిలబడింది. రెండు చేతులా ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తబోయింది. మెడ రాయిలా బిగుసుకుపోయి ఉంది.

"కాలు తియ్యి వనజా. ఆడ ఇంకా చూళ్లేదు" అన్నాడు.

ఆమె కాలు తీసింది. అడుగు గుంటలోకి నీళ్లు ఊరుతున్నాయి. అందులో ఏముందోనని ఆమె కూడా వంగింది.